హాలీ సిక్కా నుంచి కల్దార్ దాకా: ఒక కలయికకు ఎవరెంత చెల్లించారు

ఒక దేశం పొరుగు దేశాల కూటమిలో చేరితే దాని ఆర్థిక వ్యవస్థ ఏమవుతుందన్న చర్చ రాగానే మన చూపు యూరప్ మీదికి పోతుంది. యూరోలో చేరి చితికిన గ్రీసు, విసుగెత్తి 2020లో బయటికి నడిచిన బ్రిటన్, ఎప్పుడూ ఇవే ఉదాహరణలు. తెలుగువాళ్ళకు అంత దూరం వెళ్ళే పనిలేదు. సొంత నాణెం, సొంత రైళ్ళు, సొంత తపాలా బిళ్ళలు, సొంత సుంకాల సరిహద్దు ఉన్న రాజ్యమొకటి మన పక్కనే ఉండేది. దాని జనంలో దాదాపు సగం మంది తెలుగువాళ్ళే. ఆ హైదరాబాద్ రాజ్యం 1948 సెప్టెంబరులో భారత యూనియన్‌లో కలిసింది. సైన్యం వెళ్ళడం, నిజాం లొంగడం 13వ తేదీ నుంచి 17 లోపు ముగిశాయి. సుంకాలు, ఖజానాలు, నాణేలు కలవడానికి మాత్రం దాదాపు పదేళ్ళు పట్టింది. ఆ అయిదు రోజుల మీద పుస్తకాలకు కొదవ లేదు. పదేళ్ళ కథ చెప్పినవాళ్ళే తక్కువ. పత్తి, మిర్చి, పొగాకు పండించి ఎక్కడో దూరాన ఉన్న కొనుగోలుదారుకు అమ్ముకుని బతికే సింగరాయకొండ, టంగుటూరు, కందుకూరు ప్రాంతాల వాళ్ళకు అసలు పనికొచ్చేది ఆ రెండో కథే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కలయిక వల్ల ఖజానాకు వచ్చిన నష్టాన్ని అప్పట్లో చాలా జాగ్రత్తగా లెక్కగట్టారు, పరిహారం కూడా ఇచ్చారు. మనుషులకు, వృత్తులకు, ప్రాంతాలకు వచ్చిన నష్టాన్ని ఎవరూ ఏ చిట్టాలోనూ రాయలేదు. తర్వాతి యాభై అరవై ఏళ్ళ తెలుగు రాజకీయాల్లో మనం చూసిన గొడవల్లో చాలా భాగం ఆ రాయని చిట్టాలోంచే పుట్టింది. ఈ రోజు ఢిల్లీలో కూర్చుని విదేశాలతో వాణిజ్య ఒప్పందాలు రాసేవాళ్ళు కూడా అదే పద్ధతిలో నడుస్తున్నారు.

ముందు ఆ రాజ్యం సంగతి చూద్దాం. 1941 జనాభా లెక్కల ప్రకారం కోటీ అరవై లక్షలకు పైగా జనం. నాలుగు దిక్కులా బ్రిటిష్ ఇండియా, ఏ వైపూ సముద్రం లేదు. సముద్రం లేకపోవడం ఎంత పెద్ద లోటో నిజాములకు మొదటి నుంచీ తెలుసు. 1802లో ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న వాణిజ్య ఒడంబడికలో మచిలీపట్నం రేవును స్వేచ్ఛగా వాడుకునే హక్కు రాయించుకున్నారు. అదే ఒడంబడిక సరిహద్దు దాటే సరుకు మీద సుంకాన్ని నూటికి అయిదు రూపాయలకు పరిమితం చేసింది. రేవు హక్కు కాగితం మీదే మిగిలింది, అయిదు రూపాయల హద్దు మాత్రం నిజాం చేతులు కట్టేసింది. పైగా మద్రాసు, బొంబాయి రేవుల్లో దిగిన సరుకు మీద సముద్ర సుంకం బ్రిటిష్ ప్రభుత్వం వసూలు చేసుకునేది. ఆ సరుకు కొనేది హైదరాబాద్ జనమైనా అందులో చిల్లిగవ్వ ఆ ఖజానాకు చేరేది కాదు. అయినా సరిహద్దు కరోడ్‌గిరీ నాకాల్లో, అంటే సుంకం వసూలు చేసే చౌకీల్లో, వచ్చే సరుకు మీదా పోయే సరుకు మీదా వసూలయ్యే ఆ అయిదు శాతమే భూమి శిస్తు, ఆబ్కారీల సరసన రాజ్యానికి ముఖ్యమైన రాబడి. కృష్ణకు ఇవతల గుంటూరు జిల్లా, అవతల నల్లగొండ జిల్లా. రెండు ఒడ్డుల మీదా ఒకే భాష మాట్లాడేవాళ్ళు, కానీ సరుకు నది దాటిందంటే పరాయి దేశానికి వెళ్ళినట్టే.

డబ్బు కూడా వేరే. హైదరాబాద్‌లో చెలామణీ అయ్యేది ఉస్మానియా సిక్కా, జనం నోట హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. నూరు కల్దార్ రూపాయలు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ ఇవ్వాలి, అంటే ఆరు కల్దార్‌కు ఏడు హాలీ. 1941 చట్టంతో పుట్టి 1942లో పని మొదలుపెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఈ నాణేన్ని చూసుకునేది. విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కు 1889లో పట్టాలు పడ్డాయి. 1930లో రాజ్యం ఆ రైల్వే మొత్తాన్ని కంపెనీ నుంచి కొనేసింది. 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధి పెట్టి ప్రభుత్వమే కార్ఖానాల్లో వాటాలు తీసుకుంది. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం, సిర్పూరులో కాగితం మిల్లు, హైదరాబాద్‌లో ఆల్విన్, ప్రాగా టూల్స్ ఆ దన్నుతో లేచినవే. సుంకం అయిదు శాతం దాటకూడదు కాబట్టి సుంకంతో పరిశ్రమను కాపాడే దారి లేదు. అందుకే పెట్టుబడి, చేతిలో ఉన్న రైల్వే, సర్కారు కొనుగోళ్ళు అనే మూడు పనిముట్లను వాడారు. కలయికలో పోయినవి ఈ పనిముట్లే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాత జరిగిందంతా సులువుగా అర్థమవుతుంది.

అసలు అది దేశమే కాదు, సంస్థానం మాత్రమే, దాన్ని యూరప్ దేశాలతో పోల్చడమేమిటని ఎవరైనా అడగవచ్చు. రాజకీయంగా ఆ మాట నిజం. బ్రిటిష్ కాలంలో రక్షణ, విదేశాంగం నిజాం చేతిలో లేవు. కానీ ఆర్థిక శాస్త్రం అడిగే ప్రశ్నలు వేరు. సొంత నాణెం ఉందా, సొంత సుంకం ఉందా, సొంత బడ్జెటు ఉందా అని అడుగుతుంది. మూడింటికీ జవాబు అవునే. ఇవాళ యూరో వాడే దేశాల్లో చాలావాటికి ఇందులో మొదటి రెండూ లేవు. ఆ లెక్కన 1947 నాటి హైదరాబాద్ ఇప్పటి గ్రీసుకన్నా ఎక్కువ దేశం. 1947 నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకున్నాక 1948లో సరిహద్దుల్లో సరుకులు ఆగిపోయినప్పుడు ఆ స్వాతంత్ర్యం ఎంత పలచనో కూడా బయటపడింది. రేవు లేని రాజ్యం చుట్టూ ఉన్న మార్కెట్‌ను కాదని బతకలేదు. కలవడం తప్పదన్నది నా దృష్టిలో చర్చించాల్సిన విషయమే కాదు. ఎలా కలిపారు, ఎవరి జేబులోంచి కలిపారు అన్నదే ప్రశ్న.

ఎలా కలపాలో తేల్చే పని వి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఏర్పడిన సంస్థానాల ఆర్థిక విచారణ కమిటీకి అప్పజెప్పారు. 1949లో అది ఇచ్చిన సలహా చాలా పద్ధతైనది. కేంద్రం చేయాల్సిన పనులన్నీ కేంద్రానికి పోతాయి, వాటి ఖర్చుతో పాటు వాటి రాబడి కూడా పోతుంది. సైన్యం ఖర్చు తగ్గుతుంది, ఆదాయపు పన్ను, రైల్వే రాబడి చేజారతాయి. పోయిన రాబడి తగ్గిన ఖర్చు కన్నా ఎక్కువైతే ఆ తేడాను కేంద్రం భర్తీ చేస్తుంది. మొదటి అయిదేళ్ళు పూర్తిగా, తర్వాతి అయిదేళ్ళు తగ్గించుకుంటూ. ఇందుకోసం రాజ్యాంగంలో 278 అధికరణం పెట్టారు. సరిహద్దు సుంకాలను ఒక్కసారిగా తీసేస్తే ఖజానా కూలుతుందని 306 అధికరణం కింద కేంద్రంతో ఒప్పందం చేసుకుని కొంతకాలం కొనసాగించుకునే వీలిచ్చారు. దానికీ పదేళ్ళే గడువు. 1950 ఏప్రిల్ 1న ఆర్థిక విలీనం అమల్లోకి వచ్చింది. ఆదాయపు పన్ను భారాన్ని కూడా ఒకేసారి పెంచకుండా రాయితీల ఉత్తర్వు తెచ్చారు. నాకాల దగ్గర పోయే రాబడికి బదులుగా అదే సంవత్సరం హైదరాబాద్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. 1951 నవంబరులో నిజాం స్టేట్ రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. 1956లో ఏడో సవరణతో 278, 306 రెండూ రాజ్యాంగంలోంచి తొలగిపోయాయి. ప్రభుత్వాలకు ప్రభుత్వాలు చేసిన ఏర్పాటుగా చూస్తే ఇంత నిదానంగా, ఇంత మర్యాదగా జరిగిన ఆర్థిక విలీనాలు ప్రపంచంలో ఎక్కువ లేవు.

నాణెం విషయంలో ఆ నిదానం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1950 నుంచి కల్దార్, హాలీ రెండూ పక్కపక్కన చెలామణీ అయ్యాయి. హాలీ పూర్తిగా తప్పుకున్నది 1959లో. మార్చే రేటు కూడా పాతదే, ఏడుకు ఆరు. దీన్ని తూర్పు జర్మనీతో పోల్చి చూడండి. 1990 జులై 1న తూర్పు జర్మనీ మార్కును పశ్చిమ జర్మనీ మార్కుతో జీతాల విషయంలో ఒకటికి ఒకటిగా ఒక్క రాత్రిలో మార్చేశారు. జనం సంబరపడ్డారు, ఓట్లు పడ్డాయి. కానీ తూర్పు కర్మాగారాల ఉత్పాదకత పశ్చిమంలో సగం కూడా లేదు, జీతాల భారం మాత్రం గట్టి మార్కుల్లోకి మారింది. చూస్తుండగానే పరిశ్రమ కుప్పకూలి లక్షల మంది వీధిన పడ్డారు. హైదరాబాద్‌లో అలాంటిది జరగలేదంటే నాణేన్ని దాని నిజమైన విలువకే మార్చడం, తొందర పడకపోవడం ముఖ్య కారణాలు. ఇక్కడో చిన్న ముచ్చట. నిజాం రాజభరణం ఏడాదికి 42,85,714 రూపాయలుగా అధికారిక జాబితాల్లో కనిపిస్తుంది. ఈ వింత అంకె ఎక్కడిదా అని చూస్తే, అది యాభై లక్షల హాలీ సిక్కాను ఏడుకు ఆరు లెక్కన కల్దార్‌లోకి మార్చిన మొత్తం. రాజుగారి భరణాన్ని చివరి రూపాయి దాకా మార్చి రాశారు. బోధన్ చెరుకు రైతుకో, వరంగల్ మిల్లు కార్మికుడికో కొత్త ఏర్పాటులో ఏది ఎంతకు మారిందో అంత శ్రద్ధగా రాసిన కాగితం ఒక్కటీ లేదు.

వాళ్ళకు జరిగిందేమిటి? రైల్వే పోవడంతో ఏ సరుకు మీద ఎంత రవాణా ఛార్జీ వేయాలన్న నిర్ణయం ఢిల్లీకి వెళ్ళింది. కార్ఖానాల్లో వాటాలు పెట్టి నిలబెట్టే సర్కారు పోయి, దేశమంతటి మిల్లుల్లో ఇదీ ఒకటి అనుకునే సర్కారు వచ్చింది. సిర్పూరు కాగితం మిల్లు బిర్లాల చేతికి పోయింది. ఆజంజాహీ మిల్లు చివరికి జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌లోకి వెళ్ళి, తర్వాత మూతపడింది. వీటికి విలీనం ఒక్కటే కారణమనడం అన్యాయం. యంత్రాలు పాతబడ్డాయి, నిర్వహణ దెబ్బతింది, బొంబాయి మిల్లులు సైతం మూతపడ్డాయి. కానీ పడిపోతున్నప్పుడు పట్టుకునే చెయ్యి ఒకప్పుడు పక్కనే ఉండేది, విలీనం తర్వాత దూరమైంది. అంతకన్నా పదునైన దెబ్బ ఉద్యోగాల్లో తగిలింది. పాలన ఉర్దూలోంచి ఇంగ్లీషులోకి మారింది. మద్రాసు రాష్ట్రం నుంచి, మధ్య పరగణాల నుంచి అధికారులు, గుమాస్తాలు, టీచర్లు వచ్చారు. ఉర్దూలో చదువుకుని సర్కారీ కొలువు కోసం తయారైన ఒక తరం ఒక్కసారిగా వెనకబడిపోయింది. సర్కారీ కొలువులు స్థానికులకే ఇవ్వాలన్న 1919 నాటి ముల్కీ నిబంధనలు పేరుకు మాత్రం ఉన్నాయి గానీ నకిలీ ధ్రువపత్రాలు జోరుగా తిరిగాయి. 1952 సెప్టెంబరులో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అంటూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కేంద్రం నుంచి భర్తీ సొమ్ము అణా పైసలతో సహా ఖజానాకు అందుతున్న సంవత్సరాల్లోనే ఇది జరిగింది.

ఈ లెక్కలు చెబితే నిజాం రోజులే బాగున్నాయంటున్నావా అని గద్దించేవాళ్ళుంటారు. అనడం లేదు. వెట్టిచాకిరీ, జాగీర్ల దోపిడీ, రజాకార్ల దౌర్జన్యం చరిత్రలో రాసి ఉన్నాయి. తెలంగాణ రైతు ఆయుధం పట్టింది ఊరికే కాదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌల్దారీ చట్టం వచ్చింది, ఆ తర్వాత ఓటు వచ్చింది. సామాన్యుడికి యూనియన్ ఇచ్చినదాంతో పోలిస్తే కరోడ్‌గిరీ నాకాలు, హాలీ నాణేలు ఏపాటివి? అయితే లాభం పెద్దదైనంత మాత్రాన నష్టం లేదని కాదు, లాభపడినవాడూ నష్టపోయినవాడూ ఒకడే అని అంతకన్నా కాదు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పెద్ద మార్కెట్‌లో చేరడం వల్లే గదా హైదరాబాద్‌కు బి.హెచ్.ఇ.ఎల్., హెచ్.ఎం.టి., ఐ.డి.పి.ఎల్., ఇ.సి.ఐ.ఎల్. వచ్చాయి, ఆ పునాది మీదే మందుల పరిశ్రమ, సాఫ్ట్‌వేర్ లేచాయి గదా? అక్షరాలా నిజం. కానీ అవి ప్రధానంగా 1960ల్లో వచ్చాయి, హైదరాబాద్ చుట్టూ వచ్చాయి, వేరే చదువులు చదివినవాళ్ళకు వచ్చాయి. 1952లో కొలువు దొరకని కరీంనగర్ కుర్రాడికి 1967లో ఇ.సి.ఐ.ఎల్. రావడం పరిహారం కాదు. వాణిజ్య సిద్ధాంతం చెప్పే మొత్తం లాభం సరైనదే. గెలిచినవాళ్ళ లాభంలోంచి కొంత తీసి ఓడినవాళ్ళకు ఇస్తే అందరూ బాగుపడతారని కూడా అదే సిద్ధాంతం చెబుతుంది. ఎవరు తీస్తారు, ఎవరికి ఇస్తారు అన్న చోట మాత్రం ఆగిపోతుంది.

1956 నాటి రెండో కలయికలో మనం, అంటే కోస్తావాళ్ళం, అటు పక్క నిలబడ్డాం. 1953 అక్టోబరు 1న పుట్టిన ఆంధ్ర రాష్ట్రం మొదటి రోజు నుంచీ అప్పుల మీదే నడిచింది. మద్రాసు పోయింది, కర్నూలులో గుడారాలేసుకుని పాలన మొదలుపెట్టింది. మద్యనిషేధం వల్ల ఆబ్కారీ రాబడి లేదు. ఆ నిషేధం చుట్టూ రేగిన గొడవలోనే మన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం 1954 నవంబరులో అవిశ్వాసంతో కూలింది. ఇక కృష్ణకు అవతల నిషేధం లేదు. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955 నాటి నివేదిక ఈ తేడాను దాచలేదు. తెలంగాణలో భూమి శిస్తు ఎక్కువ, ఆబ్కారీ రాబడే ఏడాదికి సుమారు 5 కోట్లు, కాబట్టి ఆ ప్రాంతానికి డబ్బు ఇబ్బంది వచ్చే అవకాశం తక్కువ అని రాసింది. లోటున్న ఇల్లు, మిగులున్న ఇల్లు ఉమ్మడి కాపురం పెడితే మొదటి తగాదా ఎక్కడొస్తుందో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. కమిషన్ తొందర పడవద్దంది, హైదరాబాద్‌ను విడిగా ఉంచి 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటేనే కలపమంది. ఆ మాట ఎవరూ వినలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది.

1950 నాటి విలీనానికీ దీనికీ ఉన్న తేడా చూడండి. అప్పుడు భర్తీ హామీ రాజ్యాంగ అధికరణంలో ఉంది. 1956లో తెలంగాణ మిగులు తెలంగాణలోనే ఖర్చు పెడతామన్న హామీ ఫిబ్రవరి 20న ఢిల్లీలో నాయకులు సంతకాలు చేసిన పెద్దమనుషుల ఒప్పందంలో ఉంది. దాన్ని కోర్టులో అమలు చేయించే దారి లేదు. పదమూడేళ్ళ తర్వాత, 1969 తెలంగాణ ఉద్యమం రగిలాక, మిగులు ఎంత పోయిందో లెక్కించడానికి లలిత్ కుమార్ కమిటీ, ఆ తర్వాత భార్గవ కమిటీ కూర్చున్నాయి. రెండింటి అంకెలూ కలవలేదు గానీ మిగులు ఖర్చు కాలేదన్నది రెండూ ఒప్పుకున్నాయి. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే ఈసారి ఇటువైపు మంట లేచింది. ప్రత్యేకాంధ్ర కోరిన జై ఆంధ్ర ఉద్యమం రోజుల్లో ఒంగోలు, గుంటూరు, నెల్లూరు కుర్రవాళ్ళు మా రాజధానిలోనే మాకు ఉద్యోగాలు లేవా అని అడిగారు. ఆ ప్రశ్న కూడా న్యాయమైనదే. ఒకే కలయికలో రెండు పక్షాలూ మేమే నష్టపోయామని మనస్ఫూర్తిగా నమ్మడం అబద్ధాల వల్ల జరగదు. పొందింది అందరూ పంచుకుంటారు, పోయింది ఏ కొందరి ఇంట్లోనో పడుతుంది, ఆ కొందరు రెండు పక్షాల్లోనూ ఉంటారు. 2014లో రాష్ట్రం విడిపోయేటప్పుడూ ఇదే తంతు. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇస్తామని నాటి ప్రధాని రాజ్యసభలో చెప్పిన తేదీ 2014 ఫిబ్రవరి 20. చట్టంలో రాయని మాట కావడం వల్ల దానికి ఏ గతి పట్టిందో అందరం చూశాం. ఆ తేదీకి మనమంటే ఏదో పగ ఉన్నట్టుంది.

జి.ఎస్.టి. వచ్చినప్పుడు 1950 నాటి సూత్రమే మళ్ళీ బయటికి తీశారు. 2017 జులై 1న రాష్ట్రాల పన్నులు ఒకటయ్యాయి. 2015-16 రాబడి మీద ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన, తగ్గిన మేరకు అయిదేళ్ళు భర్తీ ఇస్తామని ఈసారి చట్టంలోనే రాశారు. కోవిడ్ కాలంలో అప్పు తెచ్చయినా ఇచ్చారు. 2022 జూన్‌తో గడువు ముగిసింది. రాష్ట్రాల ఆర్థిక మంత్రులు జి.ఎస్.టి. మండలిలో కూర్చుంటారు కాబట్టి తమ నష్టాన్ని గట్టిగా చెప్పుకోగలిగారు. కాగితాలు నింపలేక వ్యాపారం వదిలేసిన చిన్న దుకాణదారుకు ఆ మండలిలో కుర్చీ లేదు, భర్తీ కూడా రాలేదు.

ఇప్పుడు సింగరాయకొండ దగ్గరికొద్దాం. కందుకూరు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో అమ్ముడయ్యే పొగాకులో ఎక్కువ భాగం విదేశాలకు వెళ్ళేదే. గుంటూరు మిర్చి యార్డు ధరలో చైనా, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ కొనుగోళ్ళ ప్రభావం ఉంటుంది. పత్తి ధరను మన జిన్నింగ్ మిల్లు కన్నా అమెరికా, బ్రెజిల్ పంట ఎక్కువగా నిర్ణయిస్తుంది. భారతదేశం ఏ కూటమిలోనూ యూరప్ తరహాలో చేరలేదు గానీ ఒప్పందాల మీద ఒప్పందాలు చేసుకుంటోంది. 2010 జనవరి నుంచి ఆసియాన్‌తో సరుకుల ఒప్పందం, 2022లో యు.ఎ.ఇ., ఆస్ట్రేలియాలతో, 2025 జులైలో బ్రిటన్‌తో. ఆస్ట్రేలియా ఒప్పందంలో ఏడాదికి 51,000 టన్నుల పొడవు పింజ పత్తిని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని రాసుకున్నారు. పదహారు ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం ఆర్.సి.ఇ.పి. చర్చల్లో ఏళ్ళ తరబడి కూర్చుని 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో చేరబోమని లేచి వచ్చారు. పాడి రైతులు, చిన్న పరిశ్రమలు చేసిన గోలకు అందులో పెద్ద పాత్రే ఉంది. నాకు ఆ నిర్ణయం సబబే అనిపిస్తుంది. అయితే చేరకపోవడం కూడా ఉచితం కాదు. చేరిన దేశాలు ఒకదాని సరుకు మరొకటి సుంకం తగ్గించి కొనుక్కుంటుంటే మన సరుకు పూర్తి సుంకంతో ఆ గుమ్మం ముందు నిలబడాలి. గోల చేయగలిగినవాళ్ళు ఒప్పందాన్ని ఆపగలరు, గోల చేయలేనివాళ్ళు దాని నష్టం మోస్తారు. మధ్యే మార్గం, అంటే ఒప్పందం చేసుకుని నష్టపోయేవాళ్ళకు ముందే డబ్బు కేటాయించడం, మన దగ్గర ఎవరూ ప్రయత్నించనే లేదు.

మిగతా చోట్ల ప్రయత్నించారు. అమెరికా 1962లోనే దిగుమతుల వల్ల ఉద్యోగాలు పోయినవాళ్ళకు సాయం చేసే పథకం చట్టంలో పెట్టింది. అది అరకొరే, ఎంతోమందికి అందలేదు, అయినా అలాంటి బాధ్యత ఒకటుందని ఒప్పుకుంది. స్పెయిన్, పోర్చుగల్ 1986లో చేరాక పేద ప్రాంతాల నిధులను రెట్టింపు చేయాలని యూరప్ 1988లో నిర్ణయించుకుంది. 2006లో ప్రపంచీకరణ వల్ల ఉపాధి పోయినవాళ్ళ కోసం వేరే నిధి కూడా పెట్టింది. అంత డబ్బు మన దగ్గరెక్కడిది అంటారు. దిగుమతులు చవకైతే మిల్లులకు, వినియోగదారులకు వచ్చే లాభం రైతు నష్టం కన్నా పెద్దదనే కదా ఒప్పందాన్ని సమర్థిస్తారు. లాభం అంత పెద్దదైతే అందులో చిన్న ముక్క పక్కన పెట్టడానికి డబ్బు లేదనడం కుదరదు. ఆ ముక్క కూడా మిగలదంటే అసలు లాభం లెక్కే తప్పు. ఇంకో అభ్యంతరం, ఎవరు ఒప్పందం వల్ల నష్టపోయారో, ఎవరు వాన రాక నష్టపోయారో ఎలా తేలుస్తామని. ఇది నిజంగా కష్టమే. కానీ ఒప్పందాల్లో ఏ సరుకు మీద ఏ ఏడాది ఎంత సుంకం తగ్గుతుందో జాబితాలు ముందే ఉంటాయి. ఏ సరుకు ఏ జిల్లాలో పండుతుందో మార్కెటింగ్ శాఖ దగ్గర ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని, 2.91 లక్షల టన్నుల దాకా అని అంకెలు ప్రకటించగలిగింది. సంక్షోభం వచ్చాక కట్టగలిగిన లెక్క ఒప్పందం మీద సంతకానికి ముందు కట్టలేమా?

గడువు సంగతి కూడా అంతే ముఖ్యం. హైదరాబాద్ ఖజానాకు 1950లో పదేళ్ళిచ్చారు, రాష్ట్రాలకు 2017లో అయిదేళ్ళిచ్చారు. మరి రైతుకు ఎంత గడువిచ్చారు? అమెరికా మన వస్త్రాల మీద సుంకం పెంచిన సమయంలో, మిల్లులకు ఊరటగా, 2025 ఆగస్టు 18న కేంద్రం దిగుమతి పత్తి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మర్నాటి నుంచే అమలు. ముందు సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు, పదిరోజులకే డిసెంబరు నెలాఖరుకు పొడిగించారు. సరిగ్గా మన కొత్త పత్తి యార్డుకొచ్చే నెలలవి. మిల్లులకు ఊరట అవసరమే, అక్కడి కార్మికులూ మనవాళ్ళే. కానీ ఆగస్టు మూడో వారానికి ప్రకాశం, గుంటూరు, పల్నాడు చేలల్లో పత్తి మొక్క ఎదిగి ఉంటుంది, విత్తనం, ఎరువు, కౌలు డబ్బు అప్పటికే భూమిలోకి పోయి ఉంటుంది. ఇంకో పంట వేసుకుందామన్నా రైతుకు అప్పటికి అదను దాటిపోయింది.